మెకానికల్ వాల్వు అమర్చి ఏడు నెలలైనా ఐఎన్ఆర్ నిలకడగా ఉండటం లేదు

మా అమ్మగారికి (58 ఏళ్లు) ఏడు నెలల క్రితం గుండెలోని మిట్రల్ కవాటం స్థానంలో మెకానికల్ (కృత్రిమ) వాల్వు అమర్చారు. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో తెలిపే కొలత) 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని వైద్యులు చెప్పగా, పదిహేను రోజులకోసారి ఒకే ల్యాబులో చేయించిన గత నాలుగు పరీక్షల్లో వరుసగా 1.9, 3.8, 2.1, 4.2 వచ్చింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మోతాదును ప్రతిసారీ 4, 5 మిల్లీగ్రాముల మధ్య మారుస్తున్నారు. రక్తస్రావం, ఆయాసం లేవు. ఎకోలో వాల్వు బాగానే పనిచేస్తోంది.

మాత్ర రోజూ రాత్రి 9 గంటలకే వేస్తున్నాం. మొదట్లో ఆకుకూరలు పూర్తిగా మాన్పించాం. అది పొరపాటని, వాటిలో ఉండి వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గించే విటమిన్ కె ప్రతిరోజూ ఇంచుమించు ఒకే స్థాయిలో అందడమే ముఖ్యమని తెలిశాక, మూడు నెలలుగా కొలత ప్రకారం పెడుతున్నాం. యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రలు వాడలేదు. థైరాయిడ్, కాలేయ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. వార్ఫరిన్‌కు బదులు వాడే కొత్త తరం మందుల గురించి కూడా అడిగాను గానీ, మెకానికల్ వాల్వు ఉన్నవారిలో వాటిలో ఒకటైన దాబిగాట్రాన్ వల్ల గడ్డలు, రక్తస్రావం రెండూ వార్ఫరిన్ కంటే ఎక్కువైనట్లు 2013లో ప్రచురితమైన రీ-అలైన్ ప్రయోగం చూపినందున ఆ దారి లేదన్నారు.

మిట్రల్ స్థానంలో మెకానికల్ వాల్వు ఉన్న మీలో ఎవరికైనా, ఇంట్లోనే వేలికొన రక్తంతో చూసే మీటరుతో వారానికోసారి పరీక్షించుకోవడం మొదలుపెట్టాక ఐఎన్ఆర్ నిలకడకు వచ్చిందా, వస్తే ఎన్ని వారాలు పట్టింది?