మోడికా చాక్లెట్‌లో పంచదార పలుకులు ఎందుకు తగులుతాయి?

ప్రశ్న:
చాక్లెట్ కోసమే ఊళ్లు తిరిగే అలవాటు నాకుంది. ఈ మధ్య ఇటలీకి చెందిన సిసిలీ దీవిలోని మోడికాకు వెళ్లి, దాల్చినచెక్క వేసిన పలక ఒకటి కొన్నాను. విరిచి చూస్తే లోపల మెరుపు లేకుండా ఇసుక రాయిలా కనిపించింది, నోట్లో వేసుకుంటే పంచదార పంటి కింద కరకరలాడింది. అదే దేశంలోని ట్యూరిన్ నగరంలో తిన్నవన్నీ వెన్నలా కరిగిపోయాయి కనుక ఇది నిలవ సరుకేమోనని మొదట అనుమానపడ్డాను గానీ, రెండో ముక్కకే ఆ రుచి నాకు పట్టుబడింది. వీరు దీన్ని కావాలనే ఇలా చేస్తారా?

సమాధానం 1:
కావాలనే చేస్తారండీ. అక్కడ కోకో ముద్దను సుమారు 40 డిగ్రీలకు మించి వేడి చేయకుండా పంచదార కలిపి, అచ్చుల్లో పెట్టి, ముద్ద సమంగా సర్దుకునేదాకా ఆ అచ్చులను బల్లకేసి తడతారు. పంచదార కొవ్వులో కరగదు, ఆ కాస్త వేడికి పాకం కూడా కాదు కాబట్టి పలుకులు పలుకులుగానే మిగిలిపోతాయి. ఈ చాక్లెట్‌కు 2018లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మనం చాక్లెట్ లక్షణమే అనుకునే నునుపు నిజానికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఫ్రై సంస్థ 1847లో తినే చాక్లెట్ పలకను తయారు చేసింది. ఆ తరువాత 1879లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో రొడోల్ఫ్ లిండ్ట్ ముద్దను గంటల తరబడి యంత్రంలో ఆడించి, నాలుక మీద జారిపోయే చాక్లెట్‌ను సాధించాడు. సిసిలీ స్పెయిన్ పాలనలో ఉన్న రోజుల్లో, మెక్సికోను ఒకప్పుడు ఏలిన ఆజ్టెక్కుల విద్యే అక్కడికి చేరిందని మోడికా వాసులు చెప్పుకుంటారు.

సమాధానం 2:
పై వివరణలో చివరి మాటకు చిన్న సవరణ అవసరం. ఆజ్టెక్కులకు చెరకు పంచదార తెలియదు, అది స్పెయిన్ వారితోనే మెక్సికో చేరింది. కనుక కోకో గింజలను రాతి మీద నూరే పద్ధతి మెక్సికోదే అయినా, మీ పంటికి తగిలిన పలుకు మాత్రం ఆ తరువాతి కాలానిది. మెక్సికోలోని వాహాకాలో ఆ రాయిని నేను దగ్గరగా చూశాను: మన సన్నికల్లును మూడు కాళ్ల మీద ఏటవాలుగా నిలబెట్టినట్టుంటుంది, అడుగున నిప్పులు పెడతారు. వేయించిన గింజలను దాని మీద నూరుతూ ఉంటే, నీటి చుక్క వేయకుండానే ఆ పొడి నల్లగా, జారుగా ముద్దవుతుంది, ఎందుకంటే గింజలో సగం దాకా కొవ్వే.

సమాధానం 3:
మాది ఏలూరు జిల్లా. కొబ్బరి తోటలో అంతరపంటగా కోకో వేశాం. కాయ పగలగొట్టగానే ఆ గింజను కొరికి చూడండి, చేదూ వగరూ తప్ప చాక్లెట్ జాడ కూడా ఉండదు. తెల్లని పులుపుతీపి గుజ్జుతో సహా గింజలను పెట్టెల్లో పోసి, మధ్యమధ్య తిరగేస్తూ అయిదారు రోజులు పులియబెడితే, చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, గింజ లోపల ఊదారంగు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ తరువాత ఎండబెట్టి వేయించినప్పుడే మీరు వెతుక్కుంటూ వెళ్లే ఆ సువాసన బయటపడుతుంది. ఇన్ని దేశాలు తిరిగారు కదా, ఈసారి మా తోటకు కూడా రండి, కాయ మీ చేతనే కోయిస్తాను.