ఎమ్10 బోల్టుల లాటును ఒప్పుకోవడానికి పిచ్ గేజ్ చాలుతుందా?

బాలానగర్_లేత్:
మా షెడ్డులో తయారైన ఎమ్10×1.5 (వ్యాసం 10, చుట్ల మధ్య దూరం అంటే పిచ్ 1.5 మిల్లీమీటర్లు) బోల్టుల లాటును ఒక కంపెనీ తనిఖీ విభాగం మొత్తంగా తిప్పి పంపింది. పిచ్ గేజ్‌లో 1.5 అని చెక్కిన రేకును మరల మీద ఆనించి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూస్తే ఎక్కడా వెలుగు సందు కనబడటం లేదు. రేకు ఇంత చక్కగా కూర్చున్న మర తప్పెలా అవుతుందో సభ్యులు చెప్పగలరు.

తనిఖీ_జీడిమెట్ల:
అయ్యా, ఆ రేకు చెప్పేది ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య దూరం, కొంతవరకు మర కోణం మాత్రమే. మర లోతు ఎక్కువైనా రేకు అంతే చక్కగా కూర్చుంటుంది. 6జీ తరగతి (మర కొలతల్లో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే గుర్తు) ఎమ్10×1.5 బోల్టుకు పిచ్ వ్యాసం, అంటే మర మందమూ సందూ సమానంగా ఉండే చోట వ్యాసం, 8.862 నుంచి 8.994 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఆ కొద్ది తేడాను కన్ను పట్టలేదు. దానికి లోపల మర ఉన్న రెండు రింగ్ గేజ్‌లు కావాలి: గో రింగ్ తేలికగా ఎక్కాలి, నో-గో రింగ్ ఎక్కకూడదు; అదీ ఎక్కితే బోల్టు వదులన్నమాట.

రాణిగంజ్_కౌంటర్:
పిచ్ గేజ్‌ను అంత తేలిగ్గా తీసేయకండి. 3/8 అంగుళాల విట్‌వర్త్ (పాత బ్రిటిష్ మర) బోల్టుకు అంగుళానికి 16 చుట్లు, అంటే పిచ్ 1.5875 మిల్లీమీటర్లు. రెండు మూడు చుట్ల మీద 1.5 రేకు సరిపోయినట్టే ఉంటుంది. ఆరు చుట్ల మీద ఆనిస్తే అర మిల్లీమీటరు పైగా తేడా వచ్చి బయటపడుతుంది. అర అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్), ఎన్‌పీటీ (అమెరికన్) పైపు మరలకైతే రెండింటికీ అంగుళానికి 14 చుట్లే కాబట్టి వరుసగా 55, 60 డిగ్రీల కోణం చూసి విడదీయాలి.

బాలానగర్_లేత్:
నేను పైపుల గురించి అడగలేదండీ. నా రేకు ఆరు చుట్ల మీద కాదు, బోల్టు మర పొడవంతటా కూర్చుంది. పై వ్యాసం కూడా వెర్నియర్‌తో చూసే పంపాను.

చర్లపల్లి_మిల్లింగ్:
0.866 మిల్లీమీటర్ల తీగలు మూడు మర సందుల్లో పెట్టి, మైక్రోమీటరుతో పిచ్ వ్యాసం కొలిచారా?

తనిఖీ_జీడిమెట్ల:
పై వ్యాసం సరిగా ఉన్నా మర పక్కలు పలచబడి ఉండవచ్చని ఎన్నిసార్లు చెప్పాలి? మీ కంటిచూపును నమ్మి మా నట్టు బిగించలేము. వదులు బోల్టు ఊడితే జవాబు చెప్పవలసింది మేమే.

బాలానగర్_లేత్:
అయితే నా జవాబూ వినండి. ఆ డ్రాయింగ్‌లో ఎమ్10×1.5 అని తప్ప 6జీ అనే మాటే లేదు. రేటు మాట్లాడిన రోజున రింగ్ గేజ్ ఊసెత్తలేదు. వాళ్ల నో-గో రింగ్ అరిగిందో లేదో తెలుసుకోవడానికి క్యాలిబ్రేషన్ పత్రం (గేజ్ కొలత సరిచూసినట్టు రుజువు) అడిగితే చూపలేదు. రవాణా నాది, మళ్లీ చేసే కూలీ నాది, ఆగిన బిల్లు నాది. గేజ్ ఎవరి చేతిలో ఉంటే వారిదే తీర్పు అవుతుందా?

తనిఖీ_జీడిమెట్ల:
తరగతి రాయకపోతే మెట్రిక్ మరల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 965 ప్రకారం ఈ సైజు బోల్టుకు 6జీ అనే అర్థం. ఆ విషయంలో వెనక్కి తగ్గను. పత్రం చూపకపోవడం మాత్రం తనిఖీ విభాగం చేయకూడని పని.

రాణిగంజ్_కౌంటర్:
బాలానగర్‌లోనే సీఐటీడీ (కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ) ఉంది కదా, ఇద్దరూ ఒప్పుకొని కొన్ని బోల్టులనూ ఆ రింగ్‌నూ అక్కడ కొలిపించుకోండి.

బాలానగర్_లేత్:
దానికి నేను సిద్ధమే. రింగ్ అరిగిందని తేలితే ఆ ఖర్చు, రవాణా ఖర్చు వాళ్లు భరిస్తామని ముందే కాగితం మీద రాసివ్వాలి.