అప్‌డేట్: 16వ సవరణ చెల్లదన్న వాదన సంగతి తేలింది

ఇన్‌కమ్ ట్యాక్స్ వేసే అధికారాన్ని అమెరికా కాంగ్రెస్‌కి ఇచ్చిన రాజ్యాంగ 16వ సవరణను రాష్ట్రాలు సరిగ్గా ఆమోదించలేదు, కాబట్టి ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టక్కర్లేదని మా ఆఫీసులో ఒకాయన అంటున్నాడని, అందులో నిజమెంతని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఈ వాదనపై వచ్చిన కోర్టు తీర్పు చదవమన్న సలహాతోనే పని అయింది. తర్వాత ట్యాక్స్ లాయర్‌నీ కలిశాను, ఆవిడా ఆ వాదన చెల్లదనే చెప్పారు.

ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. చాలా రాష్ట్రాలు పంపిన ప్రతుల్లో తేడాలున్నాయి. ఇల్లినాయ్ 'ఎన్యూమరేషన్' (లెక్కింపు) బదులు 'రెమ్యూనరేషన్' (ప్రతిఫలం) అని రాసింది, మిస్సోరి పన్ను 'లే' (విధించు) బదులు 'లెవీ' అంది. గుమస్తాల రాత పొరపాట్లు! అయితే 1913లో విదేశాంగ మంత్రి నాక్స్ ఈ తేడాలు తెలిసే ఆమోదం పూర్తయిందని ప్రకటించాడు. 1986లో థామస్ కేసులో ఏడో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఇదే చెప్పి వాదన కొట్టేసింది.

ఆమోదించిన ఒహాయో అప్పటికి రాష్ట్రమే కాదని ఇలా వాదించేవాళ్లు చెప్పే మరో పాయింటు అసలు లెక్కలోకే రాదు.

సవరణ చెల్లదన్న కారణం చూపించి రిటర్న్ వేస్తే మాత్రం 5,000 డాలర్ల పెనాల్టీ పడొచ్చట. నేను మామూలుగానే ఫైల్ చేసేశాను.