తొమ్మిది పదవులకు తొమ్మిది నామినేషన్లు: ఇక ఓటింగ్ పెట్టాలా, వద్దా?

బీరపాదు:
మాది హైదరాబాద్‌లో మిద్దెతోటల క్లబ్. సొసైటీగా రిజిస్టరైంది, సభ్యులు 214 మంది. నెలకోసారి విత్తనాలు మార్చుకోవడం, కోకోపీట్ (కుండీల్లో వేసే కొబ్బరిపీచు పొడి), వేపపిండి టోకున తెప్పించి పంచుకోవడం మా పని. ఈసారి ఎన్నికల అధికారి బాధ్యత నా నెత్తిన పడింది. కార్యవర్గంలో తొమ్మిది పదవులు. గడువు ముగిసేసరికి సరిగ్గా తొమ్మిది నామినేషన్లే వచ్చాయి. అందులో ఏడుగురు పాతవాళ్లే. మా బైలాలో "ఎన్నిక రహస్య బ్యాలట్ ద్వారా జరగాలి" అని ఒక్క ముక్క ఉంది. పోటీయే లేకపోతే ఏం చేయాలో రాయలేదు. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. ఏకగ్రీవమని ప్రకటించి చప్పట్లు కొట్టించేయాలా? లేక ప్రతి పేరు ఎదురుగా "అవును", "కాదు" గళ్లు పెట్టి ఓటింగ్ జరపాలా? ఇంట్లో బీరపిందెలు కూడా చూసుకోలేనంత టెన్షన్‌గా ఉంది.

మూడో అంతస్తు:
ఇందులో టెన్షన్ ఏముందండీ? పార్లమెంటు ఎన్నికలకే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ ఉంది. సీట్లెన్నో అభ్యర్థులూ అంతమందే ఉంటే వెంటనే ఎన్నికైనట్టు ప్రకటించాల్సిందే. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో పోలింగే జరగలేదు. దేశానికి చెల్లిన పద్ధతి టమాటా కుండీల క్లబ్బుకు చెల్లదా? చప్పట్లు కొట్టించి టీ, సమోసా ఇచ్చి పంపేయండి.

కుండీలో కరివేపాకు:
సూరత్‌ను ఆదర్శంగా చూపిస్తున్నారా? అక్కడ ఒక అభ్యర్థి నామినేషన్ తిరస్కరించారు, మిగతావాళ్లు ఉపసంహరించుకున్నారు, ఓటరు ఇంట్లో కూర్చున్నాడు. నేనూ ఈ క్లబ్ సభ్యురాలినే. చేరి మూడేళ్లయింది, ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. చందా మాత్రం టంచనుగా కడుతున్నా. ఇంకొకటి, మన బైలాలో రహస్య బ్యాలట్ అని రాసి ఉన్నప్పుడు పార్లమెంటు చట్టం మనకెందుకు?

చెరువుగట్టు:
ఏకగ్రీవం అనే మాట మీదే నాకు అభ్యంతరం. గ్రీవం అంటే మెడ. అందరి మెడలూ ఒకటై ఊగితే ఏకగ్రీవం. ఇక్కడ తొమ్మిది మంది నిలబడ్డారు, మిగతా 205 మంది నోరు విప్పలేదు, అంతే. దాన్ని పోటీ లేని ఎన్నిక అందాం.

మా ఊరి సంగతి చెప్తాను. సర్పంచి ఏకగ్రీవమంటే ముందురోజు రాత్రే రామాలయం అరుగు మీద తేలిపోయేది. కొన్ని ఊళ్లలో పదవిని వేలం కూడా వేస్తారని మీకూ తెలుసు. పైగా దానికి ప్రోత్సాహకాలు! 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఏకగ్రీవమైన పంచాయతీకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామన్నారు. అలా పెరిగిన మనకు పోటీ అంటే గొడవ, ఏకగ్రీవమంటే ఐక్యత. క్లబ్బుల్లోకీ అదే అలవాటు వచ్చింది.

లెక్కల పద్దు:
నేను ఆ తొమ్మిది మందిలో ఒకణ్ని. నాలుగేళ్లుగా కోశాధికారిని, కాబట్టి నా మాట కొంచెం కారంగానే ఉంటుంది.

కోకోపీట్ వచ్చిన రోజు రాత్రి ఎలా ఉంటుందో చెప్తాను. ఐదు కిలోల దిమ్మలు 300 దిగుతాయి. 90 మంది డబ్బులు పంపుతారు. ఫోన్‌పేలో పేర్లు చూస్తే ఒకటి "స్వీటీ", ఒకటి ఎవరిదో షాపు పేరు, ఒకటి వాళ్ల అల్లుడి పేరు. ఎవరు ఎన్ని దిమ్మలకు కట్టారో స్క్రీన్‌షాట్లు వెతుక్కుంటూ ఒంటిగంట దాకా కూర్చుంటాను. మర్నాడు పొద్దున్నే "నా దిమ్మ తడిసిపోయింది సార్, మార్చండి" అని ఫోను. జీతం లేదు, భత్యం లేదు. ఇప్పుడు నా పేరు ఎదురుగా "కాదు" అనే గడి పెట్టి, ఎంతమంది కొట్టారో మైకులో చదువుతారా? పోటీకి రమ్మంటే రానివాళ్లు కాదనడానికి మాత్రం వస్తారా?

కొండదారి:
పద్దు గారి బాధ నిజమే. నేనున్న ట్రెకింగ్ గ్రూపులో ఇలాగే అవును/కాదు ఓటింగ్ పెట్టారు. అందరూ గెలిచారు. కానీ ఒకాయనకు 31 "కాదు"లు వచ్చాయి. పన్నెండేళ్లుగా తాళ్లూ టెంట్లూ తన ఇంట్లో దాచినాయన. ఆ తర్వాత ఒక్క ట్రెక్‌కూ రాలేదు. సామాన్లు ఆటోలో పంపేశాడు. ఓటింగ్ తప్పనను. అంకెలు చదవడం తప్పు. "ఎన్నికయ్యారు" అంటే సరిపోయేది.

కుండీలో కరివేపాకు:
పద్దు గారూ, మీ కష్టం మీద నాకు ఒక్క మాటా లేదు. "పోటీకి రమ్మంటే రానివాళ్లు" అన్నారే, దాని గురించే అడుగుతా. ఎప్పుడు రమ్మన్నారు? నామినేషన్ల ప్రకటన వాట్సాప్ గ్రూపులో శుక్రవారం రాత్రి 10:40కి పడింది. దాని ముందు డ్రాగన్ ఫ్రూట్ ఫొటోలు, వెనక గుడ్ నైట్‌లు. గడువు ఆదివారం సాయంత్రం ఐదింటికి. ఫారం కార్యదర్శి గారి ఇంట్లో తీసుకోవాలి, డిపాజిట్ వెయ్యి రూపాయలు. నేను సోమవారం చూశాను.

మూడో అంతస్తు:
రెండు రోజులే ఇచ్చారా? అది నాకు తెలియదు. అయితే నా సమోసా మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం.

బీరపాదు:
ఆ ప్రకటన పెట్టింది నేనే. ఏటా అలాగే పెడతారని పాత కార్యదర్శి గారు పంపిన మెసేజ్‌లో తేదీలు మార్చి పెట్టాను. తప్పు నాదే. గడువు మళ్లీ తెరవమంటారా?

మూడో అంతస్తు:
తెరవకండి. ఉన్న నిబంధన ప్రకారం వేసిన తొమ్మిది మందికి అది అన్యాయం. రేపు ఎవరైనా అడిగితే మీ దగ్గర సమాధానం ఉండదు. ఎన్నికయ్యాక కార్యవర్గం జాబితా సొసైటీల రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి, బ్యాంకులో సంతకాలు మార్చాలి. తీర్మానంలో లొసుగు ఉంటే అక్కడ పట్టుకుంటారు.

చెరువుగట్టు:
తెరవొద్దనే నేనూ అంటాను. బైలాలో ఉన్నది ఉన్నట్టు చేయండి: రహస్య బ్యాలట్, ఒక్కో పేరుకు అవును/కాదు. "కాదు" ఎక్కువైతే ఆ ఒక్క పదవే ఖాళీ అనుకుని మళ్లీ నామినేషన్లు పిలవండి. 2018లో మహారాష్ట్ర, హర్యానా ఎన్నికల సంఘాలు స్థానిక ఎన్నికల్లో నోటాకే ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నిక జరపాలన్నాయి. ఇదేం వింత కాదు. ఓటింగ్‌కు ముందు ఒక్కొక్కరూ రెండు నిమిషాలు మాట్లాడాలి. విత్తన బ్యాంకు ఏమైంది, తడిసిన దిమ్మలకు డబ్బు వెనక్కి ఇస్తారా, జనం అడగాలి. అసలు లాభం అక్కడుంది, గళ్లలో లేదు. నామినేషన్లకు 21 రోజుల గడువు, డిపాజిట్ రద్దు, పోటీ లేనప్పటి పద్ధతి, ఇవన్నీ బైలా సవరణలు. ముందుగా నోటీసిచ్చి ప్రత్యేక తీర్మానంగా తేవాలి. ఈ ఆదివారం హడావుడిగా చేసేది కాదు.

కొండదారి:
అంకెలు మాత్రం చదవకండి.

చెరువుగట్టు:
చదవాలి. దాచిన లెక్కకు ఓటింగ్ అని పేరెందుకు?

బీరపాదు:
ఇలా చేస్తున్నాను. బ్యాలట్ ఉంటుంది. మైకులో "ఎన్నికయ్యారు", "కాలేదు" అని మాత్రమే చెప్తాను. అంకెలు మినిట్స్ పుస్తకంలో ఉంటాయి, కావాలన్న సభ్యులు వచ్చి చూసుకోవచ్చు. ఇద్దరికీ సగం సగమే నచ్చుతుందని తెలుసు. నా ప్రకటన ఎలా పెట్టానో కూడా సభలో నేనే చెప్తాను.

లెక్కల పద్దు:
నాకిష్టం లేదు, అయినా కూర్చుంటాను. "కాదు" ఎక్కువొస్తే చెక్‌బుక్, పాస్‌బుక్, స్వీటీ స్క్రీన్‌షాట్లతో సహా అక్కడే ఇచ్చేస్తా. తీసుకోవడానికి ఒకరు సంచీ తెచ్చుకోండి.

కుండీలో కరివేపాకు:
సంచీ తెస్తాను, వంగ నారు కోసం. ఓటు కూడా వేస్తాను. మీ పేరు ఎదురుగా ఏ గడి కొడతానో మాత్రం అడగకండి సార్, రహస్య బ్యాలట్ కదా.