డీఎన్ఏ అన్ని కణాల్లో ఒకటే అయితే, మొదటి తేడా ఎక్కడ పుట్టింది?

సగంచదువు:
బయాలజీ వదిలేసి చాలా ఏళ్లైంది, ప్రశ్న పిచ్చిగా ఉంటే ఏమనుకోకండి. కంటి కటకంలోని కణానికీ, లివర్ కణానికీ డీఎన్ఏ ఒకటేనట, ఒకదాంట్లో ఆన్ అయిన జన్యువులు ఇంకోదాంట్లో ఆఫ్ అయి ఉంటాయట. సరే, ఒప్పుకున్నాను. కానీ ఆ స్విచ్ వేసేది ఒక ప్రొటీన్, ఆ ప్రొటీన్ జన్యువును ఆన్ చేసేది ఇంకో ప్రొటీన్ అంటే, ఇలా వెనక్కి పోగా పోగా మిగిలేది ఫలదీకరణ జరిగిన ఒక్క కణమే కదా? అందులోంచి వచ్చినవన్నీ ఒకేలా ఉండాలి మరి. మొదటి స్విచ్ ఎవరు వేశారు? ఇంకోటి, అక్కర్లేని జన్యువుల్ని పారేస్తే పోయేదానికి ఈ మోత దేనికి?

గుడ్లగూబ:
రెండోదానికి చెప్తాను. పారేస్తాయనే ఒకప్పుడు కొందరు అనుకున్నారు. 1962లో జాన్ గుర్డన్ అనే శాస్త్రవేత్త తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని తీసి, కేంద్రకం లేకుండా చేసిన కప్ప గుడ్డులో పెట్టాడు. చాలావరకు చెడిపోయాయి కానీ కొన్ని చక్కగా ఎదిగాయి. అంటే పేగు కణంలో కప్ప మొత్తానికి కావలసిన జన్యువులు అలాగే ఉన్నాయన్నమాట. 1996లో పుట్టిన డాలీ గొర్రె కూడా ఇదే పద్ధతి, 277 ప్రయత్నాల్లో బతికి బట్టకట్టింది అదొక్కటే. మినహాయింపులు లేకపోలేదు: మన ఎర్ర రక్తకణం కేంద్రకాన్నే బయటికి తోసేస్తుంది.

తీరికలేదు:
మొదటి ప్రశ్నే అసలైనది. మీరు ఆ ఒక్క కణం దగ్గర ఆగిపోయారు, ఆగకూడదండీ. అండం ఖాళీ సంచి కాదు, తల్లి ఒంట్లో ఉన్నప్పుడే ఆర్ఎన్ఏలూ (ప్రొటీన్ తయారీకి వాడే జన్యువు నకళ్లు) ప్రొటీన్లూ నింపుకుని వస్తుంది. పండు ఈగ గుడ్డులో అయితే తల్లి బైకాయిడ్ అనే ఆర్ఎన్ఏని ఒక కొసన పెట్టి పంపుతుంది. దాన్నుంచి తయారైన ప్రొటీన్ ఆ కొసన చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా ఉంటుంది, చిక్కగా ఉన్నవైపు తల వస్తుంది.

ఎలుక పిండంలో ఇలాంటి ఏర్పాటు కనబడదు. ఎనిమిది కణాలప్పుడు అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పదహారు అయ్యేసరికి కొన్ని లోపల ఇరుక్కుంటాయి, కొన్ని బయట మిగులుతాయి. బయటి కణానికి ఒక పక్క పొరుగు లేదు, తేడా అంతే! అది చాలు, దాంట్లో యాప్ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి సీడీఎక్స్2 జన్యువును లేపుతుంది, ఆ కణాలు మాయ (ప్లాసెంటా) తయారీవైపు పోతాయి. లోపలివాటిలో యాప్ బయటే ఆగిపోతుంది, పిల్ల ఒళ్లు తయారయ్యేది వాటిలోంచే.

సగంచదువు:
అబ్బ, ఇది ఎవరూ చెప్పలేదు. మరి కణం రెండయ్యాక ఆ సంగతి గుర్తుండేదెలా?

తీరికలేదు:
స్విచ్ ప్రొటీన్లు చాలావరకు తమ జన్యువును తామే ఆన్‌లో ఉంచుకుంటాయి, విభజనలో రెండు పిల్లకణాలకూ కాస్త కాస్త పంచుకుపోతాయి. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు, అంటే జన్యువుల్ని ఆఫ్‌లో ఉంచడానికి తోడ్పడే చిన్న రసాయన గుర్తులు కూడా ఉంటాయి, కొత్త పోగు తయారవగానే పాతదాన్ని చూసి వాటిని దించే ఎంజైమ్ వేరే ఉంది. అలాగని చెరిగిపోని రాతేం కాదు, 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనక నాలుగంటే నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాల్ని దాదాపు పిండదశకి తిప్పాడు.

పరిశోధకుడికాని_వాడు:
ఒక్కమాట. పాఠ్యపుస్తకాల్లో గాటా1, పీయూ1 అనే రెండు స్విచ్ ప్రొటీన్లు ఒకదాన్నొకటి అణచుకుంటాయి, గెలిచినదాన్ని బట్టి ఎర్ర కణమో తెల్ల కణమో తేలుతుంది అని బొమ్మ వేస్తారు. బతికున్న కణాల్ని ఒక్కోటిగా వెంటాడి చూస్తే, ఆ కుస్తీకి ముందే నిర్ణయం అయిపోయినట్టు కనబడింది. బొమ్మలు నమ్మేముందు జాగ్రత్త.

గుడ్లగూబ గారూ, కేంద్రకం వదిలేసేది ఎర్ర కణమొక్కటే కాదు. అడిగినాయన చెప్పిన కటకం సంగతీ అదే. దాని పోగుకణాలు క్రిస్టలిన్ ప్రొటీన్‌తో నిండిపోయాక కేంద్రకాన్ని కరిగించేస్తాయి, వెలుతురుకు అడ్డం రాకుండా. మధ్యలో ఉన్నవైతే మనం పుట్టకముందు తయారైన ప్రొటీన్‌తోనే చివరిదాకా నెట్టుకొస్తాయి.