రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాల గురించి

ప్రశ్న:
చిత్రలేఖనం నేర్చుకుంటున్న కొందరు విద్యార్థులను దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకువెళ్లాలనుకుంటున్నాను. 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూసిన చిత్రకారుడి బొమ్మలు చెల్లాచెదురు కాకుండా ఒకేచోట ఎలా నిలిచాయి? పేరొందిన పటాలతో పాటు పిల్లలకు ఇంకా ఏమి చూపించాలి? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:
1897లో రాజమండ్రిలో పుట్టిన రామారావుగారిలోని ప్రతిభను గుర్తించినవారు అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. స్వయంగా చిత్రకారుడూ కవీ అయిన ఆ దొర ప్రోత్సాహంతోనే రామారావుగారు బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరారు. అడివి బాపిరాజుగారు కూడా కూల్డ్రే శిష్యులే. చదువు ముగించుకొని వచ్చాక రామారావుగారు సొంత ఊళ్లోనే చిత్రకళాశాల నెలకొల్పారు గానీ, 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయనను పొట్టనబెట్టుకుంది. ఆ తరువాత మిత్రులు వరదా వెంకటరత్నంగారు ఆ పాఠశాల భారాన్ని తలకెత్తుకున్నారు. ఆయనా, రామారావుగారి కుటుంబమూ బొమ్మలను కంటికి రెప్పలా కాపాడారు. చిత్రశాల ప్రభుత్వం చేతికి వెళ్లింది ఆ తరువాతే. చిత్రకారుడి పేరు ఎంత గౌరవంగా తలుస్తామో, ఈ కాపాడినవారి పేర్లనూ అంత గౌరవంగా తలుచుకోవాలని నా అభిప్రాయం. రామారావుగారి భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడా చిత్రకారిణులే అన్న సంగతి పిల్లలకు తప్పక చెప్పండి.

రెండవ జవాబు:
'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ', 'నందిపూజ' పటాల ముందు అందరూ ఎలాగూ ఆగుతారు. మీ విద్యార్థులను మాత్రం ముందుగా పెన్సిల్ రేఖాచిత్రాల దగ్గరకు తీసుకువెళ్లమని నా మనవి. నీటిరంగుల పటాల్లో మెడ వంపునూ, చీర కుచ్చెళ్ల జారునూ పట్టి ఇచ్చేది గీతే కాబట్టి, చేయి అక్కడ ఎలా సాధన చేసిందో చూసిన తరువాత రంగుల పటాన్ని చూస్తే, ఏ గీతను ఉంచుకున్నారో, దేనిని రంగులో కలిపేశారో వారికే అర్థమవుతుంది. అజంతా శైలిని జీర్ణించుకుంటూనే, బొంబాయి చదువులో అబ్బిన శరీర నిర్మాణ జ్ఞానాన్ని ఆయన వదులుకోలేదు. తూర్పు కనుమల నడుమ గోదావరిని చిత్రించిన ప్రకృతి దృశ్యం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడనివ్వండి. అదే నది ఊరి పక్కనే ఉంది కదా.

మూడవ జవాబు:
ఒక్క మాట. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, కాగితం తేమకు పాడవుతుంది. కాబట్టి ఫోటోల సంగతి సిబ్బందిని అడిగి, వారు అనుమతించినా ఫ్లాష్ వాడవద్దని పిల్లలకు ముందే చెప్పండి. సమయం మిగిలితే గోదావరి గట్టునున్న రాళ్లబండి సుబ్బారావు పురావస్తు ప్రదర్శనశాలకు కూడా వెళ్లవచ్చు. అక్కడ పాత నాణేలు, తాళపత్రాలు, శిల్పాలు ఉన్నాయి. రెండూ ఒకే పూటలో ముగించాలని మాత్రం తొందరపడకండి.