ముందు టైరు గుంటలు గుంటలుగా అరిగింది: తప్పు షాకబ్జర్‌దా, డ్రైవర్‌దా?

రాయగడ_పదిచక్రాలు:
సుబాబుల్ కర్ర వేసుకుని పార్వతీపురం వైపు నుంచి జేకేపూర్ పేపర్ మిల్లుకు తిరిగే బండి నాది. ముందు ఎడమ టైరు చుట్టూ గుంటలు పడ్డాయి, చెయ్యి పెట్టి రాస్తే అలల్లా తగులుతోంది. వేసి ఏడు నెలలే. డ్రైవరేమో షాకబ్జర్ పోయిందంటాడు. కొరాపుట్ లోడ్లకు వెళ్ళినప్పుడు సుంకి ఘాట్‌లో బ్రేకు మీద బ్రేకు కొట్టడం వల్లే అని నేనంటాను. మీరేమంటారు?

సాలూరు_మేస్త్రీ:
చక్రం పట్టేసి ఈడ్చుకుపోతే టైరు ఒకచోట బల్లపరుపుగా అరుగుతుంది బాబూ. చుట్టూ గుంటలు పడ్డాయంటే టైరు గెంతుతోందని. బేరింగ్ వదులైనా, బ్యాలెన్స్ లేకపోయినా అలా పడొచ్చు, అవీ చూడు. కానీ ముందు షాకబ్జర్. బరువు మోసేది కమాన్ కట్ట, అదే ఇనుప పట్టీల స్ప్రింగు. గోతిలో పడ్డాక ఆ కట్ట ఊగుతూనే ఉంటుంది. షాకబ్జర్ లోపలి నూనె సన్నటి రంధ్రాల్లోంచి దూరుతూ ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. గతుకుల్లో ఓ ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపు. ముందు షాకబ్జర్లు రెండిటి మీదా చెయ్యి పెట్టు, జాగ్రత్త, కాలుతుంది. ఒకటి చల్లగా ఉంటే అది చచ్చినట్టే.

గుణుపూర్_కుర్రాడు:
మా నాన్న షాకబ్జర్లు పీకేసి ఇరవై ఏళ్ళు తిప్పాడు. ఏమైంది?

సాలూరు_మేస్త్రీ:
అప్పటి కట్టలో పట్టీలు ఒకదాన్నొకటి రాసుకునేవి, ఆ రాపిడే కొంత ఊపు ఆపేది. చాలా బళ్ళకు వెనక షాకబ్జర్ ఉండనిది అందుకే. ఇప్పుడు ముందు పారబోలిక్ పట్టీలు వస్తున్నాయి. రెండో మూడో పట్టీలు, మధ్యలో ఖాళీ. ఇంక రాపిడెక్కడ?

రాయగడ_పదిచక్రాలు:
నా షాకబ్జర్ నూనె కారడం లేదు. కాస్త చెమ్మ, అంతే. చెమ్మ మామూలేనని మా మెకానిక్కే చెప్పాడు.

సాలూరు_మేస్త్రీ:
పైన పల్చగా చెమ్మ, దానికి దుమ్ము అంటితే మామూలే. చారలు కట్టి కింది బుష్, అదే బిగింపు దగ్గరి రబ్బరు దాకా దిగితే కారినట్టే.

రాయగడ_పదిచక్రాలు:
చెమ్మే అంటున్నాను కదా!

స్టీరింగ్_సీను:
చెమ్మా కారడమా అని ఎన్ని రోజులు లాగుతావన్నా? అసలు సంగతి చెప్పు. ఆ టైరు డబ్బులు డ్రైవరు జీతంలో కోశావా లేదా?

రాయగడ_పదిచక్రాలు:
నీకు సంబంధం లేదు.

స్టీరింగ్_సీను:
ఉంది. నాకూ ఇదే జరిగింది. నూనె కారుతోందని ఓనరుకు ఫొటో పంపాను. వచ్చే నెల చూద్దామన్నాడు. నాలుగు నెలలు అలాగే తోలాను, స్టీరింగ్ కొట్టుకుని భుజాలు పడిపోయాయి. టైరు పోయాక నెలకు రెండు వేలు కోశాడు.

రాయగడ_పదిచక్రాలు:
కోశాను, అయితే ఏంటి? కిస్తీ నువ్వు కడతావా? కిరాయి రెండు నెలలకి చేతికొస్తుంది. బండి ఎలా తోలినా అడక్కూడదంటే రేపటి నుంచి ఎవడు జాగ్రత్తగా తోలుతాడు?

గుణుపూర్_కుర్రాడు:
ఇదన్నమాట విషయం. పాపం షాకబ్జర్‌ని తిడుతున్నాం.

స్టీరింగ్_సీను:
లోడు సంగతీ చెప్పు మరి. 2018లో పది చక్రాల బండికి మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు పెంచారు. కర్ర దానికి లోపలే ఎక్కిస్తున్నావా? ఆ ఎక్కువ బరువుకు కోత ఎవరి జీతంలో?

(రెండు రోజులు ఎవరూ రాయలేదు.)

సాలూరు_మేస్త్రీ:
ఏమైంది బాబూ, చూశావా? మార్చాల్సి వస్తే మాత్రం జతగా మార్చు. బుష్‌లు కూడా.

రాయగడ_పదిచక్రాలు:
రేపు లోడుతో కునేరు దాటి రాయగడ వచ్చాక ఆపి చూస్తాను. ఎడమది చల్లగా ఉంటే కోసింది తిరిగి ఇచ్చేస్తాను. వేడిగా ఉంటే ఇవ్వను.

స్టీరింగ్_సీను:
నువ్వొక్కడివే పట్టుకుని చూస్తే కుదరదన్నా. డ్రైవరు చేత కూడా పట్టించు.